కిలో గింజకు ఆరు కిలోల మొలక గడ్డి నిజమేనా? యంత్రం కొనే ముందు సలహా కావాలి

కొత్తపాడి
అందరికీ నమస్కారం. నాకు 3 పాడి ఆవులు, 2 దూడలు ఉన్నాయి. మేత వేసుకోవడానికి భూమి లేదు. కొట్టం వెనకాల ఒక గది పట్టేంత ఖాళీ జాగా ఉంది, అంతే. పచ్చిమేత కొనాల్సిందే. ఎండలు ముదిరాక డబ్బిచ్చినా దొరకదు. ఈమధ్య మట్టి లేకుండా ట్రేల్లో మొక్కజొన్న మొలకెత్తించి మేపే వీడియోలు తెగ చూస్తున్నాను. కిలో గింజ పోస్తే 8 రోజుల్లో 6 నుంచి 8 కిలోల గడ్డి వస్తుందట, దాణా సగానికి సగం తగ్గించవచ్చట, పాలు పెరుగుతాయట. ఒక కంపెనీ మనిషి వచ్చి ఫ్రిజ్ లాంటి యంత్రం బొమ్మలు చూపించి వెళ్లాడు. అప్పటినుంచి అడ్వాన్స్ కోసం రోజూ ఫోన్. చేసి చూసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గడ్డిమోపు
తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వకు. ముందు ఇది చదువు.

నేను రెండేళ్లుగా చేస్తున్నాను. యంత్రం లేదు. షేడ్ నెట్ కప్పిన చిన్న పందిరి, ఇనుప రాక్‌లు, ప్లాస్టిక్ ట్రేలు, సన్నటి తుంపర చల్లే, టైమర్ పెట్టిన ఫాగర్లు. గడ్డి వస్తుందా అంటే వస్తుంది. గింజ మంచిదైతే, కాలం అనుకూలిస్తే కిలోకు 5 నుంచి 6 కిలోలు. 8 కిలోలు ఒక్కసారి కూడా చూడలేదు. ట్రేలోని నీళ్లు ఓడ్చకుండా తూకం వేస్తే వస్తాయేమో మరి.

పద్ధతి చెప్తాను. గింజను నీళ్లలో పోసి పైకి తేలిన తాలు, పొట్టు తీసేయాలి. విరిగిన గింజ మొలకెత్తదు, దాని మీదే మొదట బూజు పుడుతుంది. బాగా కడిగి మంచినీళ్లలో నానబెట్టాలి. మొక్కజొన్న నాలుగు గంటలకే తగినంత నీరు పీల్చుకుంటుంది, కొందరు రాత్రంతా ఉంచుతారు. తర్వాత నీళ్లు వంపేసి తడి గోనె సంచిలో కట్టి ఒక రోజు, చలి ఉంటే రెండు రోజులు ఉంచితే తెల్లగా ముక్కు బయటికొస్తుంది. అప్పుడు ట్రేల్లో పరచాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న ట్రేకి కిలోన్నర చాలు. మందంగా పోస్తే ఎక్కువ గడ్డి వస్తుందని ఆశపడి మొదట్లో నేను రెండున్నర కిలోలు పోశాను. మధ్యలో వేడి పుట్టి కుళ్లిపోయింది.

ట్రేలకు అడుగున చిల్లులు ఉండాలి, ఒకవైపు కాస్త వాలుగా పెట్టాలి. నీరు తడపాలి గానీ నిలవకూడదు. రెండు మూడు గంటలకొకసారి సన్నటి తుంపర. ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో జానెడు ఎత్తు వస్తుంది. అడుగున వేళ్లన్నీ అల్లుకుని చాపలా లేస్తుంది. గింజ, వేరు, ఆకు మొత్తం పశువుకే.

ఎరువు ద్రావణాలు అమ్ముతారు, కొనకు. ఈ వారం రోజులు మొక్క బతికేది గింజలో ఉన్న నిల్వతోనే.

మేకలమంద
పని ఎంతో కూడా చెప్పన్నా. రోజూ గింజ కడగాలి, రోజూ ట్రేలు తోమాలి, రోజూ కొత్త ట్రేలు పెట్టాలి. ఒక్కరోజు పెళ్లికి వెళ్లొస్తే వరస అంతా తప్పుతుంది. నేను ఆర్నెల్లకు మానేశాను.

గడ్డిమోపు
నిజమే. తోమడమే సగం పని. రోజుకు 30 కిలోల గడ్డి కావాలంటే రోజుకు 6 కిలోల గింజ, అంటే 4 ట్రేలు. 8 రోజుల వరసకు 32 ట్రేలు, పైన మార్చుకోవడానికి నాలుగు. నీళ్లు తిరిగి వాడకపోతే కిలో గడ్డికి దాదాపు 3 లీటర్లు పడతాయి. పొలంలో పచ్చిమేతకు పోయే నీటితో చూస్తే ఇది చాలా తక్కువ, అది ఒప్పుకోవాలి. కారిన నీటిని మళ్లీ ఎక్కిస్తే ఇంకా తగ్గుతుంది. కానీ ఒక ట్రేలో బూజు ఉంటే ఆ నీటితో అన్నిటికీ పాకుతుంది. నేను ఆ నీటిని కూరపాదులకు వదిలేస్తాను.

లెక్కలమాస్టారు
అందరూ కిలోకు ఆరు కిలోలు అంటున్నారు గానీ ఆ ఆరు కిలోల్లో ఏముందో ఎవరూ చెప్పడం లేదు.

ఎండు గింజలో నీటి శాతం సుమారు 12. అంటే కిలో గింజలో 880 గ్రాముల పొడి పదార్థం. మొలక గడ్డిలో పొడి పదార్థం దాదాపు 13 శాతం, మిగతాది నీరు. ఆరు కిలోల్లో 13 శాతం ఎంత? 780 గ్రాములు. మీరు 880 ఇచ్చి 780 తీసుకున్నారు. పెరిగింది నీళ్లు. తగ్గింది మేత.

పాలచెంబు
మాస్టారూ, ఇది అన్యాయం. అన్నం కూడా బియ్యానికి మూడింతలవుతుంది, అందుకని వండుకోవడం మానేశామా? పచ్చి బియ్యం తిని బతకండి చూద్దాం. మొలకెత్తితే గింజలో లేని పోషకాలు పుడతాయి. మాంసకృత్తులు 9 శాతం నుంచి 13 శాతానికి పెరుగుతాయని ఎక్కడ చూసినా రాసి ఉంది. మా ఆవులు ఎగబడి తింటాయి.

లెక్కలమాస్టారు
అమ్మా, శాతం పెరగడం వేరు, పదార్థం పెరగడం వేరు. తరగతిలో 10 మంది ఆడపిల్లలు, 90 మంది మగపిల్లలు ఉన్నారనుకోండి. 20 మంది మగపిల్లలు బడి మానేస్తే ఆడపిల్లల శాతం పెరుగుతుంది. కొత్తగా ఒక్క అమ్మాయి కూడా చేరలేదు కదా. ఇక్కడ బడి మానేసింది పిండి పదార్థం.

పాలచెంబు
పోలిక బాగుంది గానీ, పిండి పదార్థం ఎక్కడికి పోతుంది? ట్రేలోంచి లేచి నడిచి వెళ్తుందా?

పశువైద్యం_విశ్రాంతి
గాలిలోకి వెళ్తుందమ్మా. మొలకెత్తే గింజ ఊపిరి పీలుస్తుంది. తనలోని పిండిని చక్కెరగా మార్చుకుని, దాన్ని ఖర్చు చేసి వేరు, ఆకు కట్టుకుంటుంది. ఆ ఖర్చులో కొంత బొగ్గుపులుసు వాయువుగా, కొంత వేడిగా పోతుంది. మూడో రోజు ట్రేలోకి చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం మీ ఆవుకు అందాల్సిన శక్తే. ఆకు పచ్చబడి ఎండతో సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెట్టేసరికి మనం కోసి మేపేస్తాం. అందుకే వారంలో ఆ నష్టం పూడదు.

ఇది ఈనాటి వాదన కాదు. మొలకెత్తించిన గింజల మేపు మీద 1939లోనే ఇసబెల్లా లీచ్ అనే శాస్త్రవేత్త అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ సమీక్షించి పెద్ద వ్యాసం రాశారు. 2003లో ఆస్ట్రేలియాలో మాంసపు పశువుల మేపు కోసం స్నీత్, మెకింతోష్ అనేవాళ్లు మళ్లీ అదే పని చేశారు. మొలకెత్తితే పొడి పదార్థం తగ్గుతుందన్న మాట వాళ్లూ చెప్పారు. మాస్టారి లెక్క సరైనదే.

అయితే పాలచెంబు గారి మాటను పూర్తిగా కొట్టిపారేయను. మొలకల్లో బీటా కెరోటిన్ (పశువు ఒంట్లో విటమిన్ ఎగా మారేది), విటమిన్ ఇ ఎండు గింజలో కంటే బాగా ఎక్కువ. నెలల తరబడి ఎండుగడ్డి తప్ప పచ్చి పోచ చూడని పశువుకు విటమిన్ ఎ లోపం వస్తుంది. ఎద సరిగా రాదు, దూడ బలహీనంగా పుడుతుంది. అలాంటి పశువుకు రోజుకు నాలుగైదు కిలోల మొలక గడ్డి నిజంగా మేలు చేస్తుంది. ఇంకొకటి, మొక్కజొన్నను గింజగానే వేస్తే కొంత అరక్కుండా పేడలో కనిపిస్తుంది. మొలకెత్తితే మెత్తబడి బాగా అరుగుతుంది. కాకపోతే రవ్వ ఆడించి పెట్టినా ఆ లాభం వస్తుంది.

మొలకెత్తితే గింజలో భాస్వరాన్ని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఆ భాస్వరం పశువుకు అందుతుందని కూడా ప్రచారం చేస్తారు. అది కోళ్లకు, పందులకు పనికొచ్చే సంగతి. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని ఎలాగూ చేస్తాయి.

కొత్తపాడి
డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. మరి దాణా సగం తగ్గించవచ్చన్న మాట?

పశువైద్యం_విశ్రాంతి
400 కిలోల పాడి ఆవుకు రోజుకు 10 నుంచి 12 కిలోల పొడి పదార్థం కావాలి. 10 కిలోల మొలక గడ్డి వేస్తే అందులో అందేది 1.3 కిలోలు. దాణాలో అంతకు అంత, అంటే కిలో, కిలోన్నర తగ్గించి చూడవచ్చు. సగం తగ్గిస్తే పాలు తగ్గుతాయి, ఆవు చిక్కుతుంది. అది బయటపడేసరికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి మొదట్లో అంతా బాగున్నట్టే ఉంటుంది.

పచ్చగా కనిపిస్తుంది కదా అని ఎండుగడ్డి మానేయకండి. ఇందులో నెమరుకు పనికొచ్చే పీచు తక్కువ. ఇదే కడుపునిండా పెడితే పేడ పలచనవుతుంది, పాలలో వెన్న శాతం పడిపోతుంది. నా లెక్కలో ఇది గడ్డి కాదు, తడిపి పెంచిన దాణా. ఒక్కో ఆవుకు 5 నుంచి 10 కిలోలు, అదీ ఎండుగడ్డితో కలిపి, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయాలి. వేళ్ల చాపను చేత్తో చించి విడదీసి వేయండి. లేకపోతే ఆకు తినేసి వేరు కాళ్లకింద తొక్కుతాయి.

చింతచెట్టునీడ
మా దగ్గర జొన్నలు బోలెడు మిగిలిపోయాయి. మొక్కజొన్న బదులు అవి మొలకెత్తించి పెట్టొచ్చా?

గడ్డిమోపు
వద్దు.

పశువైద్యం_విశ్రాంతి
వద్దు వద్దు. లేత జొన్న మొలకలో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలినప్పుడు అది విడిపోయి సైనైడ్ విషం వస్తుంది. లేత జొన్న చేలో పడి పశువులు నిలువునా కూలిపోవడం మీరు వినే ఉంటారు, అదే ఇది. మొలక దశలో మరీ ఎక్కువ. జొన్నలు మిగిలితే పిండి ఆడించి దాణాలో కలపండి, గింజలో ఆ ప్రమాదం ఉండదు. మొలకలకు మొక్కజొన్న, బార్లీ, గోధుమ వాడండి.

గడ్డిమోపు
చలి ప్రాంతంలో బార్లీ, వేడి ప్రాంతంలో మొక్కజొన్న మేలు. అలసందలు, ఉలవలు కూడా వస్తాయి గానీ మొక్కజొన్నంత దిట్టంగా చాప కట్టవు. ఇంకో మాట, విత్తనాల కొట్లో రంగు పూసి అమ్మే గింజ జోలికి పోవద్దు. పురుగుమందు, తెగులు మందు పట్టించి ఉంటాయి. తినడానికి అమ్మే గింజే తీసుకోవాలి. సంచి మొత్తం కొనే ముందు ఒక వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూడు. 85 కంటే తక్కువ మొలిస్తే ఆ సంచి వదిలేయ్.

కొత్తపాడి
యంత్రం అతనికి రావద్దని చెప్పేశాను. పాత రాక్ ఒకటి, 6 ట్రేలు సంపాదించి మొదలుపెట్టాను. చేతి స్ప్రేయర్‌తో తడుపుతున్నాను. ఐదో రోజుకు ఆకు బాగానే వచ్చింది గానీ రెండు ట్రేల్లో అక్కడక్కడ తెల్లగా దూదిలా ఉంది. బూజా? వాసన కూడా కొంచెం పుల్లగా వస్తోంది. బూజున్న చోటు కోసేసి మిగతాది వేయొచ్చా? పారేయాలంటే ప్రాణం ఒప్పడం లేదు.

పాలచెంబు
మొక్కజొన్న వేళ్లకు సన్నటి నూగు ఉంటుంది, తెల్లగా దూదిలాగే కనిపిస్తుంది. నేనూ మొదట భయపడ్డాను. నీళ్లు చల్లితే అది వేరుకు అంటుకుపోతుంది. బూజైతే నీళ్లు చల్లినా అల్లుకున్నట్టే ఉంటుంది, గింజ నుంచి గింజకు సాలెగూడులా పాకుతుంది.

గడ్డిమోపు
మంచి గుర్తు చెప్పారక్కా. కానీ పుల్లటి వాసన వస్తోందంటున్నాడు కదా. చాప ఎత్తి అడుగున చూడు తమ్ముడూ. అక్కడ జిగటగా, గోధుమరంగులో ఉంటే సందేహం అక్కర్లేదు.

కొత్తపాడి
ఎత్తి చూశాను. జిగటగానే ఉంది. ఒక మూల నల్లగా కూడా ఉంది.

పశువైద్యం_విశ్రాంతి
ఆ రెండు ట్రేలూ మొత్తంగా పారేయండి. చూడి పశువుకు, దూడకు అసలు చూపించొద్దు. పైన కనిపించేది బూజు తలకాయ మాత్రమే, దాని దారాలు అడుగంతా పాకి ఉంటాయి. కోసేస్తే పోదు, కడిగితే పోదు.

మొలకల మీద పెరిగే అస్పర్జిల్లస్ క్లావేటస్ అనే బూజు నరాల మీద పనిచేసే విషం తయారుచేస్తుంది. అది తిన్న పశువులకు వణుకు వస్తుంది, వెనక కాళ్లు తడబడతాయి, లేపి నడిపిస్తే కూలబడిపోతాయి. దానికి విరుగుడు మందు లేదు. ఇక నిల్వ గింజలోనే అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి ఉంటే అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. అది పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. మీ ఇంట్లో పిల్లలు తాగే పాలవి.

గడ్డిమోపు
ఇప్పుడు శుభ్రం సంగతి. ఖాళీ ట్రేని బ్రష్‌తో తోమి, బ్లీచ్ నీళ్లలో ముంచి, ఎండలో ఆరబెట్టాకే మళ్లీ గింజ పోయాలి. గింజను కూడా నానబెట్టే ముందు 0.1 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) నీళ్లలో అరగంట ఉంచి, తర్వాత మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడుగు. సీసా మీద 5 శాతం అని ఉంటే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు. వాసనలు కలిపిన బట్టల బ్లీచ్ వద్దు. అందులో ఇంకే క్లీనింగ్ ద్రావణమూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఎండాకాలంలో ఇది చాలదు. లోపల 30 డిగ్రీలు దాటి, గాలి ఆడకుండా తేమ నిలిస్తే ఎంత కడిగినా బూజు ఆగదు. పందిరికి రెండువైపులా గాలి తగిలేట్టు చూడు. మేత దొరకని కాలంలో ఆదుకోవాల్సిన పద్ధతి సరిగ్గా ఆ కాలంలోనే ఎక్కువ మొండికేస్తుంది. యంత్రం అమ్మేవాళ్లు ఏసీ పెట్టేది ఇందుకే, కరెంటు బిల్లు మాత్రం నీది.

మేకలమంద
నేను మానేసిన కారణం కూడా ఇదే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫాగర్లు ఆగాయి. నేను ఊళ్లో లేను. సాయంత్రానికి నాలుగు రోజుల ట్రేలు వాడిపోయాయి. పాపం మా అబ్బాయి కంగారుపడి బకెట్లతో నీళ్లు కుమ్మరించాడు. మర్నాటికి అన్నీ కుళ్లు.

లెక్కలమాస్టారు
కొత్తపాడి గారూ, బాగున్న ట్రేలతో ఒక పని చేయండి. నా లెక్క నమ్మొద్దు, పాలచెంబు గారి ఆవుల్నీ నమ్మొద్దు. తూకం మీరే వేయండి. ట్రే నీళ్లన్నీ ఓడాక గడ్డి తూచండి. అందులోంచి సరిగ్గా కిలో తీసి, చిన్న ముక్కలు చేసి, గుడ్డ మీద పలచగా ఆరబోసి, తూకం ఇక తగ్గడం లేదనేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి.

కొత్తపాడి
అందరికీ థ్యాంక్స్, ఆలస్యమైంది. మాస్టారు చెప్పినట్టే చేశాను.

కిలోన్నర గింజ పోసిన ట్రే, ఎనిమిదో రోజు, నీళ్లు ఓడ్చాక 7 కిలోల 800 గ్రాములు. అంటే కిలోకు 5 కిలోల 200. కిలో గడ్డి మూడు రోజులు ఎండబెడితే 155 గ్రాములు మిగిలింది. 5.2 కిలోలకు లెక్కేస్తే 806 గ్రాములు. ఎండలో ఎండింది కాబట్టి అందులోనూ గింజలో ఉన్నంత తేమ ఉంటుందనుకుంటే, కిలో పోసి 800 తీసుకున్నట్టు. పిడికెడంత ఎండుగడ్డి చేతిలో పట్టుకుని, ట్రేలో పచ్చగా నిగనిగలాడుతున్నదాన్ని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆవిడ మాత్రం నవ్వింది.

పాలచెంబు
నేను కూడా తూచాను, చెప్పకుండా. 160 వచ్చింది. అయినా నేను మానను. నాకున్నది ఒక్క ఆవు, మేడ మీద రెండు రాక్‌లు. చుట్టుపక్కల గడ్డిపోచ దొరకదు. ఇది వేసినప్పటినుంచి ఎండుగడ్డి కూడా వదలకుండా తింటోంది, రెండూ కలిపి వేస్తున్నాను కదా.

పశువైద్యం_విశ్రాంతి
మీ విషయంలో మానాల్సిన పని లేదమ్మా. ఒకటి రెండు పశువులు, భూమి లేదు, ఇంట్లో మనిషి ఉన్నారు. అలాంటి చోట ఇది బాగుంటుంది. పదెకరాలున్న రైతు సూపర్ నేపియర్ గడ్డి వేయకుండా, పచ్చిమేతను గాలి చొరకుండా పాతరేసి సైలేజీ చేసుకోకుండా దీని వెంట పడితేనే నాకు బాధ.

గడ్డిమోపు
నేనూ ఇకనుంచి పాలిచ్చే ఆవులకు ఐదేసి కిలోలకు తగ్గిస్తున్నాను. ఎండాకాలం రెండు నెలలు ఆపేసి, ముందే సైలేజీ బస్తాలు కొని పెట్టుకుంటాను. రెండేళ్లు చేశాను గానీ ఎండబెట్టి తూచాలన్న ఆలోచన నాకు రాలేదు మాస్టారూ.

కొత్తపాడి
నేను 6 ట్రేలతోనే ఆగుతాను. ఒకటి విడిచి ఒక రోజు ఒక ట్రే దిగుతుంది, చూడి ఆవుకు రోజుకు మూడు మూడున్నర కిలోలు సరిపోతుంది. మిగతా రెండింటికీ మొక్కజొన్న రవ్వ ఆడిస్తున్నాను. పచ్చిమేతకు పక్క రైతు గట్ల మీద నేపియర్ కణుపులు నాటుకోనిస్తానన్నాడు, బదులుగా పేడ ఎరువు కావాలట.

ఒక్క సందేహం. ట్రేల చిల్లుల్లోకి వేళ్లు దూరి గట్టిగా పట్టేస్తున్నాయి. లాగితే చాప చినిగిపోతోంది, చిల్లులు మూసుకుపోయి నీళ్లు నిలుస్తున్నాయి. మీరేం చేస్తారు?

మేకలమంద
చిల్లు పెద్దదై ఉంటుంది. 3 మిల్లీమీటర్లు చాలు, అవీ వాలు ఉన్న వైపు ఒక్క వరస. ఇప్పుడున్న ట్రేలకైతే అడుగున షేడ్ నెట్ ముక్క పరిచి గింజ పోయి, నెట్‌తో సహా లేస్తుంది. నెట్ ఊడదీశాకే ఆవుకు వేయి, మా మేక ఒకటి సగం నెట్ మింగేసింది.